కీమో పక్కన టీకా: ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌లో వ్యక్తిగత వ్యాక్సిన్ల సంగతి

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాసిన ప్రసంగ పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసల్లో వైద్య విద్యార్థులు, వెనక వరసల్లో పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారి కుటుంబ సభ్యులు కూర్చున్నారని నిర్వాహకులు ముందే చెప్పారు. ఇద్దరికీ ఒకే మాటతో చెప్పడం కొంచెం కష్టమే గానీ ప్రయత్నిస్తాను. విద్యార్థులు ఓపిక పట్టాలి, మీకు తెలిసినవి కొన్ని మళ్లీ వినవలసి వస్తుంది. వెనక ఉన్నవారు మొహమాటపడకుండా చెయ్యెత్తి నన్ను ఆపాలి.

ముందుగా నేనే ఒక ప్రశ్న అడుగుతాను. 2025 సెప్టెంబరులో రష్యా క్యాన్సర్ టీకా తయారైపోయిందనీ, నూటికి నూరు శాతం పనిచేస్తుందనీ, మొదట పెద్దపేగు క్యాన్సర్‌కే వాడతారనీ ఒక వార్త వచ్చింది. అది మీలో ఎంతమంది ఫోన్లలోకి వచ్చింది? చాలా చేతులే లేచాయి. నాకూ వచ్చింది, ఒకసారి కాదు. ఆ వార్త చదివి, కీమో మధ్యలో ఆపేసి ఆ టీకా కోసం ఎదురుచూడవచ్చా అని అడిగినవారు ఉన్నారు. అందుకే ఈ మాట మొదటే చెబుతున్నాను: ఆ ప్రకటన వెనక, రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి టీకా ఇచ్చి, మరో వర్గానికి ఇవ్వకుండా పోల్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలేవీ అప్పటికి ప్రచురితం కాలేదు. నూటికి నూరు అనే అంకె ఎక్కడ విన్నా, ఎంతమందిలో నూటికి నూరు, ఏ దశలో ఉన్నవారిలో నూటికి నూరు అని అడగండి.

అంటే ఇదంతా వట్టి మాటేనా? కాదు. ఒక్కొక్క రోగి కణితిని చదివి, ఆ రోగి ఒక్కరి కోసమే తయారుచేసే టీకాలు నిజంగానే ఉన్నాయి. వాటిని మనుషులకు ఇచ్చి చూశారు, చూస్తున్నారు. వాటిలో ఒకదాన్ని, ఇతర అవయవాలకు పాకిన పెద్దపేగు క్యాన్సర్‌లో మామూలు కీమోతో కలిపి, పద్ధతి ప్రకారం పరీక్షించారు. దాని కథ ఇవాళ వివరంగా చెబుతాను. అందులో ఆశ ఎంత ఉందో, నిరాశ కూడా అంతే ఉంది. నేను చెప్పదలచినది ఒక్కటే: ఈ టీకా భవిష్యత్తు దాని తయారీ నైపుణ్యం మీద ఎంత ఆధారపడి ఉందో, మామూలు చికిత్సకు ఎప్పుడు, ఏ దశలో జతచేస్తున్నామన్న దాని మీద అంతకంటే ఎక్కువ ఆధారపడి ఉంది.

ముందు జబ్బు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022 అంచనాల ప్రకారం ఏటా సుమారు 19 లక్షల మందికి కొత్తగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వస్తున్నది, సుమారు 9 లక్షల మంది చనిపోతున్నారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల తరువాతి స్థానం దీనిదే. మన దేశంలో ఏటా కొత్త కేసులు 70 వేల దాకా ఉంటాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే, కానీ వచ్చినవారిలో చాలామంది ఆలస్యంగా వస్తారు. మలంలో రక్తం పడితే మొలలని అనుకోవడం, నెలల తరబడి పసరు మందులు వాడటం, చివరికి పేగు మూసుకుపోయి అత్యవసరంగా ఆపరేషన్ బల్ల మీదికి రావడం, ఇది మీలో కొందరికి స్వయంగా తెలిసిన కథే.

పేగు నుంచి వచ్చే రక్తం ముందుగా ఎక్కడికి వెళుతుంది? విద్యార్థులు చెప్పండి. అవును, పోర్టల్ సిర ద్వారా కాలేయానికి. అందుకే ఈ క్యాన్సర్ పాకితే చాలాసార్లు మొదట కాలేయంలోనే కనిపిస్తుంది. ఈ కాలేయం సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత మళ్లీ దాని దగ్గరికి రావాలి.

పాకిన తరువాత ఇచ్చే ప్రామాణిక చికిత్స ఏమిటి? దాని వెన్నెముక ఇప్పటికీ 1957లో ఛార్లెస్ హైడెల్‌బర్గర్ రూపొందించిన ఫ్లోరోయురాసిల్. దానికి ల్యూకోవోరిన్ జతచేస్తాం, అంటే ఫోలినిక్ ఆమ్లం. ఆక్సాలిప్లాటిన్ కలిపితే ఫోల్‌ఫాక్స్, ఇరినోటికాన్ కలిపితే ఫోల్‌ఫిరి. ఈ పేర్లు వెనక ఉన్నవారి ఫైళ్లలో కూడా ఉంటాయి. ఇక్కడ ఒక చిన్న పక్కమాట, మనవాడి గురించి కాబట్టి చెప్పకుండా ఉండలేను. ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందినది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో సంశ్లేషించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం. ఇవాళ హైదరాబాదులోనో విశాఖలోనో ఫోల్‌ఫాక్స్ ఎక్కించుకుంటున్న రోగి రక్తంలో ఆయన పని కొంత కలుస్తూనే ఉంది.

2004లో బెవాసిజుమాబ్ వచ్చింది. కణితికి కొత్త రక్తనాళాలు మొలవకుండా అడ్డుపడే మందు. అప్పటి కీమోకు దాన్ని జతచేస్తే రోగుల మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగంమంది దాటి బతికిన కాలం, 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. రాస్ జన్యువులో మార్పు లేనివారికి సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ ఉన్నాయి. ఇవన్నీ సరైన వరసలో అందితే, పెద్ద అధ్యయనాల్లో మధ్యస్థ ఆయుర్దాయం 30 నెలల దరిదాపులకు వచ్చింది. కాలేయంలోని గడ్డలను పూర్తిగా కోసి తీయగలిగితే కొందరు పూర్తిగా కోలుకుంటారు కూడా. అంటే మామూలు చికిత్స చిన్నదేమీ కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఏ టీకా ప్రచారాన్నీ నమ్మకండి. కానీ ఎక్కువమందిలో కొంతకాలానికి జబ్బు ఆ మందులకు అలవాటుపడిపోతుంది. అక్కడే రోగనిరోధక వ్యవస్థను సాయానికి పిలవాలన్న ఆలోచన వస్తుంది.

ఇప్పుడు మీరు అడగవచ్చు, ఇమ్యునోథెరపీ ఇప్పటికే ఉంది కదా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇస్తున్నారు కదా, మా నాన్నగారికి ఎందుకు ఇవ్వరు అని. చాలా మంచి ప్రశ్న. 2015లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. పెద్దపేగు క్యాన్సర్లు అన్నీ ఒకటి కావు. కొన్నింటిలో డీఎన్ఏ తప్పులను దిద్దే యంత్రాంగం పాడైపోతుంది, వాటిని ఎంఎస్ఐ రకం అంటాం. ఆ కణితుల్లో సగటున 1,782 మ్యుటేషన్లు, అంటే జన్యు మార్పులు, కనిపించాయి. దిద్దే యంత్రాంగం సరిగా ఉన్న కణితుల్లో సగటున 73 మాత్రమే. పెంబ్రోలిజుమాబ్ అనే చెక్‌పాయింట్ మందు, అంటే రోగనిరోధక కణాలకు పడ్డ కళ్లెం విప్పే మందు, ఇస్తే, మొదటి రకం పెద్దపేగు క్యాన్సర్‌లో నూటికి 40 మందిలో కణితి తగ్గింది. రెండవ రకంలో ఒక్కరిలో కూడా తగ్గలేదు. ఒక్కరిలో కూడా. తరువాత 307 మందితో చేసిన కీనోట్-177 అధ్యయనం 2020లో వెలువడింది. ఎంఎస్ఐ రకంలో కీమో ఇచ్చినవారిలో జబ్బు ముదరకుండా ఉన్న మధ్యస్థ కాలం 8.2 నెలలైతే, పెంబ్రోలిజుమాబ్ ఇచ్చినవారిలో 16.5 నెలలు. అది వారికి నిజంగా వరమే. కానీ పాకిన దశలో ఆ అదృష్టవంతులు నూటికి 5 మంది దాకానే. మిగిలిన 95 మంది సంగతేమిటి? ఈ టీకాల ప్రయత్నమంతా ఆ 95 మంది కోసమే.

వారి కణితులను రోగనిరోధక వ్యవస్థ ఎందుకు పట్టించుకోదు? వరిచేలో ఊద మొలిస్తే, కలుపు తీసేవారికి ఆ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది, కొత్తవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన టీ కణాలు, అంటే చెడ్డ కణాలను వెతికి చంపే తెల్లకణాలు, కలుపు తీయడంలో ఆరితేరినవే. కానీ 1,782 తేడాలున్న కణాన్ని పట్టుకోవడం వేరు, 73 తేడాలున్న కణాన్ని పట్టుకోవడం వేరు. పైగా ఆ 73 తేడాలన్నీ టీ కణాలకు కనిపించవు. మ్యుటేషన్ వల్ల మారిన ప్రోటీన్ కణం లోపల ముక్కలవ్వాలి, 8 నుంచి 11 అమైనో ఆమ్లాల ఆ ముక్క, అలాంటి ముక్కలను కణం పైకి పట్టి చూపించే హెచ్ఎల్ఏ అణువులకు అతుక్కోవాలి, కణం పైకి వచ్చి కనపడాలి. అలా కనపడే కొత్త ముక్కలనే నియోయాంటిజెన్లు అంటాం. హెచ్ఎల్ఏ మనిషి మనిషికీ వేరు. మ్యుటేషన్లు కూడా కణితి కణితికీ వేరు. అందువల్ల ఒకరి కోసం చేసిన టీకా మరొకరికి పనికిరాదు.

అసలు పెద్దపేగు కణితి దగ్గరికి టీ కణాలు వస్తాయా అని విద్యార్థులకు సందేహం రావచ్చు. వస్తాయి. 2006లో ఫ్రాన్సులో జెరోమ్ గలోన్ బృందం, ఆపరేషన్‌లో తీసిన పెద్దపేగు కణితుల్లో టీ కణాలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో లెక్కపెట్టి, రోగి ఎంతకాలం బతుకుతాడన్నది ఆ లెక్క బాగా చెప్పగలదని చూపింది. అంటే ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ మొదటినుంచీ పోరాటంలోనే ఉంది. జబ్బు ముదిరేసరికి ఓడిపోయి ఉంటుంది.

టీకా తయారీ సంగతి త్వరగా చెబుతాను. రోగి కణితి ముక్కనూ, రక్తాన్నీ తీసుకొని రెండింటి డీఎన్ఏనూ చదువుతారు. కణితిలో మాత్రమే ఉన్న మార్పులను ఏరుతారు. వాటిలో ఏవి ఆ రోగి హెచ్ఎల్ఏకు అతుక్కుంటాయో కంప్యూటర్ సాయంతో అంచనా వేస్తారు. సుమారు 20 దాకా ఎంచుకుని, వాటి సంకేతాన్ని ఎంఆర్ఎన్ఏగానో, హానిచేయని వైరస్‌లోనో, పెప్టైడ్ ముక్కలుగానో తయారుచేసి ఇస్తారు. కోవిడ్ టీకాల్లో వాడిన పరిజ్ఞానమే, కాకపోతే అక్కడ కోట్లమందికి ఒకే టీకా, ఇక్కడ ఒక్క మనిషికి ఒక్క టీకా. దీనికి వారాలు పడుతుంది, కొన్ని పద్ధతుల్లో నెలలు. ముదిరిన జబ్బు అంతకాలం ఆగుతుందా? ఆగదు. అందుకే మామూలు చికిత్స అవసరం మొదటి రోజు నుంచే ఉంటుంది.

ఆ మధ్య వరసలో ఉన్న మేడమ్ గారు అడుగుతున్నారు, ఇది కొత్త ఆలోచనా, పాతదా అని. పాతదేనండీ. 1999లో లాన్సెట్ పత్రికలో నెదర్లాండ్స్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. 254 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులు. ఆపరేషన్ తరువాత సగం మందికి, వారి కణితి కణాలనే రేడియేషన్‌తో నిర్వీర్యం చేసి, బీసీజీతో కలిపి టీకాగా ఇచ్చారు. జన్యువులు చదవడం, కంప్యూటర్ అంచనాలు ఏవీ లేవు. మొత్తం మీద జబ్బు తిరగబెట్టే ముప్పు 44 శాతం తగ్గింది. కానీ విడదీసి చూస్తే లాభమంతా జబ్బు లింఫు గ్రంథులకు ఇంకా పాకని రెండవ దశలో ఉన్నవారికే, ఆ దశలో 61 శాతం తగ్గింది. లింఫు గ్రంథులకు పాకిన మూడవ దశలో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. జబ్బు భారం తక్కువగా ఉన్నప్పుడు టీకా పనిచేసింది, ఎక్కువైనప్పుడు పనిచేయలేదు. పాతికేళ్ల తరువాత ఎంతో పరిజ్ఞానం పెరిగాక కూడా మనం ఆ గీత దగ్గరే తచ్చాడుతున్నాం.

ఇప్పుడు అసలు కథ. కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో గ్రిట్‌స్టోన్ అనే సంస్థ ఉండేది. వారి టీకా పేరు గ్రానైట్. రెండు అంచెల టీకా అది. మొదటి మోతాదు చింపాంజీ అడినోవైరస్ ద్వారా, తరువాతి మోతాదులు తనంతట తానే కణంలో ప్రతులు పెంచుకునే ఎంఆర్ఎన్ఏ ద్వారా. 2022లో నేచర్ మెడిసిన్‌లో వారి తొలిదశ ఫలితాలు వచ్చాయి. 14 మంది రోగులు, అందరిలోనూ ముదిరిన జబ్బే, టీకాతోపాటు రెండు చెక్‌పాయింట్ మందులు. ఎంఎస్ఎస్ రకం పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారిలో, అంటే ఇంతకుముందు చెప్పిన ఆ 95 మందిలాంటి వారిలో, కొందరికి కణితి నుంచి రాలి రక్తంలో తిరిగే డీఎన్ఏ తగ్గింది, అలా తగ్గినవారు ఎక్కువకాలం బతికారు. ఇమ్యునోథెరపీకి ఒక్కరు కూడా స్పందించని రకం ఇది. అందువల్ల అందరూ తలెత్తి చూశారు. నేనూ చూశాను.

తరువాత వారు చేసిన అధ్యయనం రూపం చాలా తెలివైనది, విద్యార్థులు దీన్ని శ్రద్ధగా వినాలి. కొత్తగా పాకిన జబ్బు ఉందని తేలిన రోగులను తీసుకుని, అందరికీ మామూలుగానే ఆక్సాలిప్లాటిన్ కీమో, బెవాసిజుమాబ్ మొదలుపెట్టారు. ఆ కీమో నడుస్తున్న నెలల్లోనే టీకా వర్గంలో ఉన్నవారికి టీకా తయారవుతూ వచ్చింది. గట్టి కీమో పూర్తయి, తేలికపాటి నిర్వహణ చికిత్సకు, అంటే ఫ్లోరోపిరిమిడిన్ (ఫ్లోరోయురాసిల్ కుటుంబపు మందు), బెవాసిజుమాబ్‌లకు మారే సమయానికి టీకా చేతికి వచ్చింది. అప్పుడు ఒక వర్గానికి నిర్వహణ చికిత్స మాత్రమే. రెండవ వర్గానికి అదే నిర్వహణ చికిత్సకు టీకాతోపాటు రెండు చెక్‌పాయింట్ మందులు, అటెజోలిజుమాబ్, తక్కువ మోతాదులో చర్మం కింద ఇచ్చే ఇపిలిముమాబ్ జోడించారు. చూశారా? ఎవరి మామూలు చికిత్సనూ తీసివేయలేదు. కీమో జబ్బును అణచి ఉంచింది, టీకాకు సమయం ఇచ్చింది, కణితి భారాన్ని తగ్గించింది. టీకా తన వంతు కోసం ఆగింది.

ఫలితం ఏమైంది? 2024 ఏప్రిల్‌లో మొదటి లెక్కలు వచ్చాయి. ముందుగా పెట్టుకున్న కొలమానం రక్తంలోని కణితి డీఎన్ఏ తగ్గుదల. ఆ కొలమానంలో టీకా వర్గం గెలవలేదు. కీమో మాత్రమే తీసుకున్న వర్గంలోనూ ఆ డీఎన్ఏ అనుకున్నదానికంటే ఎక్కువకాలం తగ్గుతూ పోయింది, అందువల్ల తేడా కనిపించలేదు. అంటే కొలమానాన్నే తప్పు చోట పెట్టారా, లేక టీకా శక్తి అంతేనా? రెండూ అనుకోవచ్చు. జబ్బు ముదరకుండా ఉన్న కాలాన్ని చూస్తే టీకా వర్గం వైపు కొంత మొగ్గు ఉంది. ముప్పు సుమారు 20 శాతం తక్కువ. కానీ రోగుల సంఖ్య చిన్నది, ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పగలిగేంత పెద్దది కాదు. 2024 సెప్టెంబరులో ఇచ్చిన తరువాతి లెక్కలోనూ ఇంచుమించు అదే మాట. ఆ అక్టోబరులో సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది.

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కరలేదు. ఆ టీకా విఫలమైందని నేను అనను, నెగ్గిందని అసలే అనను. దాన్ని తేల్చే మూడవ దశ పరీక్ష, అంటే చాలామంది రోగులతో చేసే పెద్ద పోలిక, జరగక ముందే డబ్బు అయిపోయింది. ఒక్కొక్క రోగికి ఒక్కొక్క టీకా చేసే పనిలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. శాస్త్రం ఇంకా జవాబు చెప్పకముందే ఖజానా జవాబు చెప్పేస్తుంది.

ఇక వైద్య విద్యార్థులు నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఇంకా అడగలేదు. కీమో తెల్లకణాలను చంపుతుంది కదా, టీకా తెల్లకణాలను పెంచాలి కదా, రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? దీనికి జవాబు మందు మందుకూ వేరు. ఆక్సాలిప్లాటిన్ కణితి కణాలను చంపే తీరు రోగనిరోధక వ్యవస్థను అప్రమత్తం చేసే తీరని పారిస్‌లో క్రోమర్, జిట్‌వోగెల్ బృందాలు 2010 ప్రాంతంలో చూపించాయి. ఫ్లోరోయురాసిల్, టీ కణాలను అణచివేసే ఒక రకం తెల్లకణాలను తగ్గిస్తుందని ఎలుకల్లో కనిపించింది. బెవాసిజుమాబ్ అడ్డుకునే వీఈజీఎఫ్ అనే పదార్థం రక్తనాళాలను పెంచడంతో ఆగదు, టీ కణాలకు పాఠం చెప్పే డెండ్రైటిక్ కణాలు ఎదగకుండా కూడా చేస్తుంది. కాబట్టి దాన్ని ఆపడం టీకాకు మేలే. మరి కీడు చేసేది? మనం పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. వాంతులు రాకుండా కీమోకు ముందు ఇచ్చే డెక్సామెథసోన్. అది స్టెరాయిడ్. టీకా వేసిన రోజుల్లో స్టెరాయిడ్ పడితే స్పందన మందగించవచ్చు. అందువల్లనే టీకాను గట్టి కీమో మధ్యలో ఇరికించకుండా, దానికి ముందో తరువాతో పెట్టాలని చూస్తారు.

ముందు పెట్టి చూసినవారు కూడా ఉన్నారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో వినోద్ బాలచంద్రన్ బృందం 2023లో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనం. అది క్లోమ క్యాన్సర్, పెద్దపేగు కాదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ వాడిన కీమోలో ఉన్నవి మన మందులే: ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్, ఇరినోటికాన్, ఆక్సాలిప్లాటిన్. ఆపరేషన్ అయిన 16 మందికి ముందు అటెజోలిజుమాబ్, తరువాత ఆటోజీన్ సెవుమెరాన్ అనే ఎంఆర్ఎన్ఏ టీకా, ఆ తరువాతే కీమో. 8 మందిలో టీకాకు టీ కణాలు గట్టిగా స్పందించాయి. నెలల తరబడి కీమో నడిచిన తరువాత కూడా ఆ టీ కణాలు రక్తంలో ఉన్నాయి. స్పందించినవారిలో జబ్బు తిరగబెట్టడం బాగా ఆలస్యమైంది, స్పందించనివారిలో మధ్యస్థంగా 13.4 నెలలకే తిరగబెట్టింది. 16 మందే, పోల్చడానికి టీకా లేని వర్గం లేదు. ఆ జాగ్రత్త మరచిపోకండి. కానీ కీమో వస్తే టీకా ఫలం కొట్టుకుపోతుందన్న భయం మాత్రం చాలావరకు తీరింది.

ఇప్పుడు కాలేయం దగ్గరికి. కాలేయం ప్రతిరోజూ పేగు నుంచి వచ్చే ఆహారపు ప్రోటీన్లను, సూక్ష్మజీవుల ముక్కలను చూస్తూ ఉంటుంది. ప్రతిదానికీ యుద్ధం ప్రకటిస్తే మనం బతకలేం. అందువల్ల రోగనిరోధక చర్యను శాంతింపజేయడం దానికి స్వభావం. ఆ స్వభావాన్ని క్యాన్సర్ వాడుకుంటుంది. కాలేయంలో పాకిన కణితి ఉన్నప్పుడు, ఒంట్లో తిరిగే టీ కణాలు అక్కడికి వెళ్లి మాక్రోఫేజ్ అనే మరో రకం తెల్లకణాల చేతిలో చనిపోతాయని 2021లో ఒక అమెరికన్ బృందం ఎలుకల్లో చూపింది. మనుషుల్లోనూ, ఎంఎస్ఎస్ రకంలో కొత్త ఇమ్యునోథెరపీ జోడీలకు కాస్తో కూస్తో స్పందన కనిపించినది ఎక్కువగా కాలేయానికి పాకనివారిలోనే. కాబట్టి కాలేయంలోని గడ్డలను ఆపరేషన్‌తోనో, సూదితో కాల్చే పద్ధతితోనో తీసేసి, ఆ తరువాత టీకా ఇవ్వడం ఎక్కువ అర్థవంతమని నాకు అనిపిస్తుంది. మామూలు చికిత్సతో కలపడం అంటే కీమోతో కలపడమే కాదు, సర్జరీతో కలపడం కూడా.

ఇంకో అడ్డంకి. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం 2016లో ఒక పెద్దపేగు క్యాన్సర్ రోగి గురించి ప్రచురించింది. ఆమెకు ఊపిరితిత్తుల్లో ఏడు గడ్డలు. రాస్ కుటుంబంలోని కేరాస్ జన్యువులో జీ12డీ అనే మార్పును గుర్తుపట్టే ఆమె టీ కణాలనే ప్రయోగశాలలో పెంచి తిరిగి ఎక్కించారు. ఏడూ తగ్గాయి. తొమ్మిది నెలల తరువాత వాటిలో ఒకటి మళ్లీ పెరిగింది. దాన్ని తీసి చూస్తే ఏముంది? ఆ కేరాస్ ముక్కను పైకి పట్టి చూపించే హెచ్ఎల్ఏ ఉన్న క్రోమోజోమునే ఆ కణితి పోగొట్టుకుంది. ఒక్క గురి పెడితే కణితి ఆ ఒక్కదాన్ని దాచేస్తుంది. ఒక టీకాలో 20 గురులు పెట్టడానికి కారణం ఇదే. అయినా కేరాస్ మార్పు పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 40 శాతంలో ఉంటుంది కాబట్టి, అందరికీ ముందే తయారుచేసి ఉంచగల కేరాస్ టీకాలను కూడా కొందరు పరీక్షిస్తున్నారు. వాటికి నెలలు ఆగనక్కరలేదు. ఆ దారిని నేను తేలికగా తీసిపారేయను.

మరి ఇప్పుడు పందెం ఎక్కడ నడుస్తోంది? జబ్బును కొంచెం ముందే పట్టుకోవడం మీద. బయోఎన్‌టెక్, జెనెంటెక్ సంస్థలు అదే ఆటోజీన్ సెవుమెరాన్‌ను పెద్దపేగు క్యాన్సర్‌లో రెండవ, మూడవ దశ రోగుల మీద 2021 నుంచి పరీక్షిస్తున్నాయి. ఆపరేషన్ అయిపోయి, స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, రక్తంలో కణితి డీఎన్ఏ ఇంకా దొరుకుతున్నవారినే ఎంచుకుంటారు. వారు మామూలుగా తీసుకోవలసిన కీమో తీసుకుంటారు, దాని తరువాత టీకా. 2024లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఇలాంటి టీకా పరీక్షలకు రోగులను వేగంగా చేర్చే ఏర్పాటు మొదలుపెట్టింది, బర్మింగ్‌హామ్‌లో పెద్దపేగు క్యాన్సర్ రోగికి టీకా ఇచ్చారు. 1999 నాటి నెదర్లాండ్స్ లెక్క గుర్తుందా? భారం తక్కువగా ఉన్న చోట. మళ్లీ అక్కడికే వచ్చాం, ఈసారి ఆ భారాన్ని రక్తపు చుక్కలో కొలిచే పరికరంతో.

అలాగైతే, ఇప్పటికే పాకినవారికి ఏమీ లేదా అని వెనక నుంచి ఒకరు అడిగారు. సూటిగా చెబుతాను. పాకిన పెద్దపేగు క్యాన్సర్‌లో పనిచేస్తుందని పోల్చి చూసిన పెద్ద అధ్యయనంలో రుజువైన వ్యక్తిగత టీకా ఇంకా లేదు. పరీక్షలు నడుస్తున్నాయి. పాకినవారిలో కూడా అందరి భారం ఒకటి కాదు. కీమోతో బాగా తగ్గి, కాలేయపు గడ్డలు తీయించుకుని, రక్తంలో కాస్త మాత్రమే మిగిలినవారు ఉంటారు. టీకాకు తరువాతి అవకాశం వారి దగ్గర ఉందని నేను అనుకుంటున్నాను.

మన దేశంలో వీలవుతుందా? పరిజ్ఞానం పరాయిదేమీ కాదు. హైదరాబాదులో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఆవరణలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ 2022లో సొంత ఎంఆర్ఎన్ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించింది. అదే సంవత్సరం పుణేలోని జెనోవా సంస్థ చేసిన కోవిడ్ టీకాకు అనుమతి వచ్చింది. అది కూడా గ్రానైట్‌లో వాడినట్టు తనంతట తాను ప్రతులు పెంచుకునే ఎంఆర్ఎన్ఏనే. ఒక్కొక్క రోగికి విడిగా తయారుచేసే మందును ఇక్కడ చవకగా చేయగలమా అంటే, ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టీ చికిత్సకు, అంటే రోగి టీ కణాలనే మార్చి తిరిగి ఎక్కించే చికిత్సకు, 2023లో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లలో ఉన్న చికిత్స ఇక్కడ అర కోటి లోపలికి వచ్చింది. అది రక్త క్యాన్సర్లకు, ఇది వేరు. అర కోటి కూడా ఎవరికి చవక అని మీరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. హైదరాబాదులోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ వరసలో నిలబడ్డవారికి అది చవక కాదు.

చివరగా, వెనక వరసల వారికి నాలుగు మాటలు. టీకా వస్తుందని విని నడుస్తున్న కీమోను ఆపవద్దు. నేను చెప్పిన ప్రతి అధ్యయనంలోనూ టీకా మామూలు చికిత్స తీసుకున్నవారికే ఇచ్చారు, దానికి బదులుగా ఇవ్వలేదు. మీ డాక్టరుగారిని ఎంఎంఆర్ పరీక్ష, అంటే డీఎన్ఏ తప్పులను దిద్దే యంత్రాంగం సరిగా ఉందా అని చూసే పరీక్ష, అయిందా అని తప్పక అడగండి. కణితి ముక్క మీద చేసే చిన్న పరీక్ష అది, మీరు ఆ 5 శాతంలో ఉన్నారేమో చెబుతుంది, ఉంటే టీకా కంటే మెరుగైన మందు ఇవాళే ఉంది. రాస్ పరీక్ష కూడా అడగండి. ఎవరైనా లక్షలు కడితే క్యాన్సర్ టీకా వేస్తామంటే, ఆ పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఏ నంబరుతో నమోదైందో అడగండి. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి నుంచి డబ్బు తీసుకోరు. నంబరు చెప్పకుండా మాట మార్చితే లేచి వచ్చేయండి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్కను మైనపు దిమ్మెలో పొదిగి ల్యాబ్‌లో ఉంచుతారు. పారాఫిన్ బ్లాక్ అంటే అదే. ఏ జన్యు పరీక్షకైనా, రేపు ఏ ట్రయల్‌లో చేరాలన్నా ముందు అడిగేది దాన్నే. ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితాలు, స్కాన్ సీడీలు తెచ్చుకుంటారు, బ్లాక్ మాత్రం అక్కడే వదిలేస్తారు. రాతపూర్వకంగా అడిగి, సంతకం పెట్టి, బ్లాకులను కూడా తీసుకోండి. ఎండ తగలకుండా, వేడికి మైనం కరగకుండా, మీద ఉన్న నంబరు చెరిగిపోకుండా ఫైలుతోపాటు భద్రంగా ఉంచుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.